మమకారం మినహాయించగా

మంగతాయారు తన ఇంటి ధరను అయిదు నిమిషాల్లో తేల్చేసింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

ఆ వేళ పెరట్లో బట్టలు ఆరేస్తుంటే పక్కింటి జక్కంశెట్టి అబ్బులు గోడ మీంచి తల పైకెత్తాడు. అతను కొబ్బరికాయల వ్యాపారి. బేరం లేనిదే పొద్దు గడవని మనిషి.

"ఏం చెల్లెమ్మా, ఇల్లమ్మేస్తున్నావంట?"

"అమ్మేస్తున్నానన్నయ్యా."

"ఎంతేంటి?"

"ఇరవై ఎనిమిది లక్షలు."

"ఇరవై ఆరు చేసుకో. ఈ గోడ కొట్టించేసి కాయలు పోసుకుంటాను."

"ఇరవై ఏడు. జామచెట్టు కూడా నీదే."

"జామకాయలు ఇప్పటికే సగం నా వైపు రాలతన్నాయి కదమ్మా!"

"అందుకేగా లక్ష తగ్గించింది."

అబ్బులు నవ్వాడు. మంగతాయారు తడి చీర దులిపి తీగ మీద వేసింది. బేరం అయిపోయింది. నందివాడలంకలో ఇళ్లు ఎప్పుడూ అలాగే చేతులు మారేవి. అమ్మేవాడికి కాస్త తక్కువగా, కొనేవాడికి కాస్త ఎక్కువగా అనిపించిన చోట ధర ఆగేది. ఆ చోటుకి ఒక పేరూ ఉండేది కాదు, ఒక ఆఫీసూ ఉండేది కాదు.

ఆ నెలలోనే దానికి పేరూ ఆఫీసూ రెండూ వచ్చాయి.

ఎక్కడో పైన నిపుణుల సంఘం ఒకటి ఏడాది పాటు చల్లటి గదుల్లో కూర్చుని ఒక సత్యం కనిపెట్టింది. సొంత ఇల్లు అమ్ముకునేవాడు చెప్పే ధరలో ఇల్లొక్కటే ఉండదు, మమకారం కూడా కలిసి ఉంటుంది. ఇటుకకి ధర కట్టవచ్చు, ఇసుకకి కట్టవచ్చు, మమకారానికి కొనేవాడు డబ్బెందుకివ్వాలి? పాలల్లో నీళ్లు కలపడం నేరమైనప్పుడు ఇంట్లో మమకారం కలపడం ఎలా నేరం కాదు? అని సంఘం అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఉత్తర్వు వచ్చేసింది. పురపాలక సంఘం మేడ మీద దోమల మందు దాచే గదిని ఖాళీ చేసి, "స్వగృహ సముచిత ధర నిర్ధారణ విభాగము" అని బోర్డు కట్టారు. ఆ విభాగం నుంచి కాగితం తెస్తేనే రిజిస్ట్రేషను.

మంగతాయారుకి ఆ కాగితం త్వరగా కావాలి. ఆమె జాకెట్లు కుడుతుంది. కుట్టు మీద పేరుంది గాని, ఇల్లు సందులో సందులో సందులో ఉంది. కొత్తవాళ్లు వెతుక్కుంటూ వచ్చి, దారిలో ఇంకో దర్జీకి గుడ్డ ఇచ్చేసి వెళ్లిపోతుంటారు. ఆడపిల్లల కాలేజీ రోడ్డులో, ముందు కొట్టు గది ఉన్న ఇల్లొకటి ఆమె పాతికేళ్లుగా చూస్తోంది. ఇప్పుడది అమ్మకానికి వచ్చింది. దాని యజమానురాలు కనకమహాలక్ష్మి గారు ఒకటే మాట చెప్పింది.

"ఇరవై రెండు రోజుల్లో మూఢం వచ్చేస్తందమ్మా. ఆ తరవాత మూడు నెలలు ఎవరూ గృహప్రవేశం మాటెత్తరు. ఈలోగా నువ్వు తెచ్చుకుంటే నీకు. లేపోతే సెల్‌ఫోన్ల కొట్టాయనకి ఇచ్చేస్తాను. మళ్లీ నన్ననకు."

అలా ఇరవై రెండు రోజులు చేతిలో పట్టుకుని మంగతాయారు మేడ మెట్లెక్కింది.

గదిలో ఇంకా దోమల మందు వాసన పోలేదు. సముచిత ధరాధికారి చిదానందం గారు ఆమె దరఖాస్తు తిరగేశారు. ఆయన నెమ్మదస్తుడు. కోపం లేదు, లంచం లేదు, తొందర అసలే లేదు.

"అమ్మా, తమరు కోరిన ఇరవై ఏడు లక్షలలో ఇల్లెంత, మమకారమెంత?"

"ఇల్లంతా ఇల్లేనండి."

"అట్లనుటయే మమకార లక్షణము." ఆయన ఏదో రాసుకున్నారు.

"కొనేవాళ్లు ఒప్పేసుకున్నారండి. వాళ్లకి లేని బాధ..."

"ఒప్పుకొనుట వేరమ్మా, సముచితముగా ఒప్పుకొనుట వేరు. ఎల్లుండి తనిఖీకి వచ్చెదము. ఇంటిని ఉన్నది ఉన్నట్లుగా ఉంచవలెను. ముగ్గు వేయరాదు."

మూడోనాడు మిట్టమధ్యాహ్నం చిదానందం గారు, టైపిస్టు వసుమతి, ఇద్దరు కొలతల మనుషులు వచ్చారు. కొలతలవాళ్లు గోడలు కొలిచారు. అది రెండు నిమిషాల పని. తర్వాత మమకారం కొలవడం మొదలైంది. తలుపులు, కిటికీలు మూయించి, దుప్పట్లు కట్టించి, కరెంటు మెయిను ఆపించారు. ఇల్లు కాటుక గిన్నెలా అయిపోయింది.

"అమ్మా, వంటింటిలోనికి పోయి గ్లాసెడు మంచినీరు తెండు."

మంగతాయారు వెళ్లింది, బిందెలో ముంచింది, వచ్చి ఆయన చేతికే గ్లాసు అందించింది. చుక్క ఒలకలేదు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టబోయి చిదానందం గారు కుట్టు మిషను మీద పడ్డారు.

దీపాలు వెలిగాక, మోకాలు రాసుకుంటూనే ఆయన వసుమతికి చెప్పి రాయించారు. "విక్రేత చీకటిలో దేనికిని తగులుకొనలేదు. ఇరువది రెండు శాతము."

"ముప్పై ఏళ్ల నించి ఉంటన్నానండి మరి! ఎలా తగులుకుంటాను?"

"అదియే కదమ్మా వ్యాధి."

ఇరవై ఏడు లక్షల్లో ఇరవై రెండు శాతం పోతే కాలేజీ రోడ్డు ఇంటికి గుమ్మం కూడా రాదు. ఆ సాయంత్రం మొగుడు వీర్రాజు రైసుమిల్లు నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. అతను మిల్లులో ఫిట్టరు. బోల్టు కుడివైపు తిరక్కపోతే ఎడంవైపు తిప్పడమే అతని తర్కం.

"పిచ్చిదానా, ఇంటిని తిట్టు. తిట్టేవాళ్లకి మమకారం ఏం ఉంటది?"

మర్నాడు మంగతాయారు అప్పీలు పెట్టుకుని అధికారి ఎదుట ఇంటిని తిట్టింది. వాన పడితే వంటింట్లో గొడుగేసుకుని చారు కాచాలండి అంది. చీమలు మాకంటే ముందే అన్నాలకి కూర్చుంటాయండి అంది. వెధవ కొంప, దిక్కుమాలిన కొంప, దీన్ని కట్టినవాడి చేతులు పడిపోనూ అంది. కట్టినవాడు వీర్రాజే. పక్కనే నిలబడి మెచ్చుకోలుగా తలూపుతున్నాడు.

చిదానందం గారు శ్రద్ధగా విన్నారు. "గొడుగు, చీమలు. లోపములను విక్రేత స్వయముగా అంగీకరించెను, అయిదు శాతము. ఇక ఆ తిట్లలో, అమ్మా, కన్నబిడ్డను తిట్టెడి తల్లి గొంతు వినబడినది. ఎనిమిది శాతము."

"పరాయి కొంపనైతే ఇంత ముద్దుగా తిట్టరండి," అని వసుమతి మెల్లగా చెప్పింది. ఆ పిల్లకి జాలిగానే ఉంది, కాని టైపు ఆపలేదు.

మూడోసారి మంగతాయారు నోరెత్తలేదు. అడిగినదానికల్లా గోడ వైపు చూస్తూ కూర్చుంది. చిదానందం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మాటలకందని మమకారము," అన్నారు. "ఇరువది శాతము."

అప్పటికి పదకొండు రోజులు గడిచాయి. మంగతాయారు ఒక్కతే కాదు, ఇల్లమ్మదలచినవాళ్లందరూ ఆ మెట్ల మీదే ఉన్నారు. వాళ్ల కోసం విభాగం వాళ్లు దయతలచి కళ్యాణ మండపంలో నిర్మమకార శిక్షణ పెట్టారు. రోజూ ఉదయం ఏడు నుంచి తొమ్మిది. చాపలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, కాని ఇంట్లోంచి తేకూడదు.

మొదటి పాఠం, ఇంటిని "ఇల్లు" అనకూడదు. "సదరు కట్టడము" అనాలి. ఓ పాతిక మంది కళ్లు మూసుకుని, "సదరు కట్టడము నాది కాదు, నేను సదరు కట్టడమునకు కాను" అని నూటెనిమిది సార్లు అనేవాళ్లు. అలవాటు పడితే నోరు ఊరుకుంటుందా? ఒకనాటి మధ్యాహ్నం మంగతాయారు గుమ్మంలో నిలబడి మొగుణ్ణి కేకేసింది.

"ఏవండీ! సదరు కట్టడంలో సదరు పప్పు చల్లారిపోతంది, వచ్చి తినండి!"

"సదరు ఆవకాయుందా?" అని వీర్రాజు కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

శిక్షణలో అందరికంటే బాగా రాణించింది గానుగ నడిపే సత్తిరాజు. నాలుగోరోజుకల్లా అతనికి మమకారం సున్నా అయ్యింది. ఆ సాయంత్రం అతను ఎవరింటికో వెళ్లి, భోంచేసి, పడక్కుర్చీలో నడుం వాల్చాడు. ఆ ఇంటి మొగుడూ పెళ్లాలు కూడా శిక్షణ పొందినవాళ్లే కావడంతో అభ్యంతరం చెప్పలేదు. విభాగంవాళ్లు ముగ్గురికీ దండలు వేసి ఫొటోలు తీశారు.

మంగతాయారుకి మాత్రం చదువు అబ్బలేదు. ఆఖరి పరీక్ష తెర మీద ఫొటోలు చూపించి పెట్టారు. ఊళ్లో ఇళ్ల గోడలు, గడపలు, కిటికీ చువ్వలు. తనది గుర్తుపట్టకపోతే పాసు. ఆమె పెదాలు బిగపట్టి ఇరవై ఫొటోలు గెలిచింది. ఇరవై ఒకటోది ఒట్టి మేకు. గోడా లేదు, రంగూ లేదు, మేకు తల ఒక్కటే.

"అది మాదండీ!" అంది, ఆపుకోలేక. "కాస్త ఎడమకి వంగింది చూడండి. మా ఆయన కొట్టాడు."

"మేకుదేం తప్పు లేదు, గోడదే తప్పు," అని వెనకనుంచి వీర్రాజు అన్నాడు.

ముప్పై శాతం.

విషయం అబ్బులుకి తెలిసి చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా ఆఫీసుకొచ్చాడు.

"అయ్యా, నా డబ్బు, నా ఇష్టం. ఇరవై ఏడు లక్షలు ఇస్తానంటన్నాను. పుచ్చుకోడానికి ఆవిడకి ఓకే. మధ్యన మీకేంటండీ?"

"ఎవరూ బలవంతపెట్టకుండగనే ఎక్కువ ఇచ్చెదనని తమరేల అంటిరి?"

"నచ్చింది కాబట్టండి!"

చిదానందం గారు వసుమతి వైపు తిరిగారు. "కొనుగోలుదారుని ముందస్తు మమకారము. ఇరువది శాతము. మొత్తమెంత?"

వసుమతి కూడింది. మళ్లీ కూడింది. "నూట అయిదండి."

నూటికి నూట అయిదు పోతే మిగిలేదేమిటో అధికారి కాగితం మీద వేసి చూశారు. లెక్కలో తప్పు లేదు. తప్పు లేని లెక్కను ఆయన ఏనాడూ కాదనలేదు.

"విక్రేతయే కొనుగోలుదారునకు లక్షా ముప్పది అయిదు వేల రూపాయలు చెల్లించి, గృహమును అప్పగించవలెను. ఇదియే సముచిత ధర."

"నీకు ఇల్లూ ఇచ్చి, ఎదురు డబ్బులూ ఇవ్వాలా అన్నయ్యా?" అంది మంగతాయారు. ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. వచ్చింది ఆగలేదు.

"నేను తీసుకోనమ్మా!" అబ్బులు రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "రేపు ఊళ్లో మొహం ఎక్కడ పెట్టుకోను? జామచెట్టు కూడా వద్దు నాకు!"

సున్నాకంటే కిందికి దిగిన ధరను ఖరారు చేసే అధికారం చిదానందం గారికి లేదు. ఫైలు జిల్లా కార్యాలయానికి వెళ్లింది. మూఢానికి అయిదు రోజులుంది. కనకమహాలక్ష్మి గారింటి అరుగు మీద సెల్‌ఫోన్ల కొట్టాయన అప్పుడే టేపు పట్టుకుని కొలతలు తీసుకుంటున్నాడని కబురు. మంగతాయారు ఆ పూట ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టింది.

మూడోనాడు జిల్లా నుంచి జవాబు వచ్చింది. చిదానందం గారు చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"సదరు గృహమునందు మామకారము నూట అయిదు శాతము కలదని తెలియజేసినారు. మామకారమునకు శాతములేమిటో బోధపడలేదు. అది ఎన్ని కిలోలు కలదో తూకము వేయించి, వెల కట్టించి, ధర నుండి మినహాయించి, తామే ఖరారు చేయునది. నమూనా సీలు వేసి పంపునది."

వసుమతి నాలుక కరుచుకుంది. "నా తప్పేనండి. 'మ'కి దీర్ఘం పడిపోయింది. కీబోర్డులో ఆ మీట ఒకసారి నొక్కితే పైకి రాదండి. సవరించి మళ్లీ పంపేద్దామండి?"

"పిచ్చితల్లీ," అన్నారు చిదానందం గారు, "పై కార్యాలయమువారు ఆమోదించిన పిమ్మట అది అచ్చుతప్పు కాదు, ఆదేశము. వారు మామకారమనినచో మామకారమే. మనమే ఇంతకాలము దీర్ఘముగా ఆలోచింపలేదు."

పది నిమిషాల్లో విభాగమంతా త్రాసు పట్టుకుని మంగతాయారు గుమ్మంలో ఉంది.

"అమ్మా, తమ మామగారు..."

"పోయి పదేళ్లయిందండి."

"అయ్యో. మరి వారి కారము?"

మంగతాయారు ఉత్తరం తీసుకుని చదివింది. బట్ట వంకరగా వచ్చినప్పుడు దాన్ని లాగి సరిచేయబోతే చిరుగుతుందని, ఆ వంకరలోనే జాకెట్టు తియ్యాలని ఆమెకి ముప్పై ఏళ్ల పని నేర్పింది. ఉత్తరం మడిచి ఇచ్చేసింది.

"మావయ్యగారి కారమాండి? ఉందండి. కూర్చోండి తెస్తాను."

"మా నాన్న కారం తింటే మంటని మజ్జిగన్నమే కదే తినేవోడు!" అని వీర్రాజు చెవిలో గొణిగాడు. ఆమె అతని కాలు తొక్కి వంటింట్లోకి వెళ్లింది. మొన్న కొట్టించిన కారం, వెల్లుల్లి దండిగా వేసింది, రెండు కిలోల జాడీ నిండా ఉంది. తెచ్చి మధ్యలో పెట్టింది. ఘాటుకి కొలతల మనుషులిద్దరూ ఒకేసారి తుమ్మారు.

"పరిశీలించవలసి యుండును," అన్నారు చిదానందం గారు. "వేడి అన్నమున్నదా అమ్మా?"

నలుగురూ పరిశీలించారు. నెయ్యి వేసుకుని పరిశీలించారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది, ఇంకో ముద్ద పెట్టమన్నారు. ఆ తర్వాత తూకం వేస్తే వచ్చింది కిలోన్నర.

ఆయన చెయ్యి కడుక్కుని దిగాలుగా కూర్చున్నారు. "ఫైలులో నూట అయిదు శాతమున్నదే. నిండు జాడీయే నూరు శాతము. ఇది డెబ్బది అయిదు. మిగిలిన దానికి నేనేమని సమాధానము చెప్పుదును?"

"దానికేం ఉందండీ," అంది మంగతాయారు. డబ్బాలో కారం ఇంకొంచెం తెచ్చి పోసింది. జాడీ నిండింది. ఇంకా పోసింది, మూతి మీద ఎర్రగా గోపురం లేచింది. ముల్లు రెండు కిలోల వంద గ్రాముల దగ్గర ఆగింది. "రెండు కిలోల జాడీలో రెండు కిలోల వంద. నూటికి నూట అయిదండి."

చిదానందం గారు లేచి నిలబడ్డారు. అంత ఆనందం ఆయన మొహంలో ఉద్యోగం వచ్చిన రోజున కూడా ఉండి ఉండదు. "సరిపోయినది! అణువణువూ సరిపోయినది! కారము జంగమ ఆస్తి, గృహము స్థావర ఆస్తి. జంగమమును స్థావరము నుండి తీసివేయవచ్చును. కిలో నాలుగు వందల వంతున ఎనిమిది వందల నలుబది రూపాయలు మినహాయించగా, సముచిత ధర ఇరువది ఆరు లక్షల తొంబది తొమ్మిది వేల నూట అరువది!"

"ఆ ఎనిమిది వందల నలభై నేను చూసుకుంటానులే చెల్లెమ్మా," అని గోడ అవతలనుంచి అబ్బులు అరిచాడు.

"చూసుకొనరాదు!" అని ఈయన ఇవతలనుంచి అరిచారు.

గోపురం మీద మూత పట్టలేదు కాబట్టి జాడీకి ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద రెండు పొరల గుడ్డ బిగించి, దారం ముళ్ల మీద లక్క కరిగించి ముద్రలు వేశారు.

మూఢానికి ముందురోజు రిజిస్ట్రేషను. ఆఫీసు వరండాలో కనకమహాలక్ష్మి గారు తన కాగితాల సంచీతో బల్ల మీద కూర్చుంది. ఇక్కడ సంతకమైతే అదే పూట అక్కడ సంతకం. సెల్‌ఫోన్ల కొట్టాయన కూడా వచ్చి, ఎందుకైనా మంచిదని స్తంభానికానుకుని నిలబడ్డాడు. లోపల బల్ల మీద ఒకవైపు దస్తావేజు, ఒకవైపు జాడీ. చిదానందం గారు ఆఖరి కాగితం పైకి చదివారు.

"సదరు కట్టడమును వదలుటలో విక్రేతకు ఏ విధమైన మనఃక్లేశమును లేదు. ఉన్నట్లు కనబడినచో ఈ ధర రద్దగును. మరల మొదటినుండి. తాళపుచెవి ఇచ్చి సంతకము చేయండమ్మా."

"ఇయ్యి చెల్లెమ్మా," అని అబ్బులు చెయ్యి చాపాడు.

మంగతాయారు కొంగు ముడి విప్పి తాళాల గుత్తి తీసింది. బీరువావి, పెట్టెవి, మిషను సొరుగువి పక్కకి తోసి వీధి తలుపు చెవి పట్టుకుంది. అది రింగులోంచి రాలేదు. ముప్పై ఏళ్లలో దాన్ని బయటికి తీసే పని ఆమెకి ఎప్పుడూ పడలేదు. గోరు విరిగింది. వీర్రాజు సాయానికి చెయ్యి పెట్టబోయి, ఎందుకో మానేశాడు. చివరికది ఊడి ఆమె అరచేతిలో పడింది. ఇంత తేలిగ్గా ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

టప్‌మని ఒక చుక్క కాగితం మీద, సరిగ్గా "మనఃక్లేశమును" దగ్గర పడింది. పక్కనే ఇంకొకటి.

వసుమతి టైపు ఆగిపోయింది. వరండాలో సెల్‌ఫోన్ల కొట్టాయన స్తంభం వదిలి నిటారుగా అయ్యాడు.

చిదానందం గారు కలం కింద పెట్టి ముందుకి వంగారు. "అమ్మా. అది కన్నీరా?"

మంగతాయారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒకసారి ముక్కు ఎగపీల్చింది.

"కారమండి."

"ఏ కారము?"

"మా మావయ్యగారిదండి."

చిదానందం గారు జాడీ వైపు చూశారు. ఆయనకి తను తిన్న ముద్దలు గుర్తొచ్చాయి కాబోలు, అర్థమైనట్టు తలూపారు. "అవును, మహా ఘాటు," అని, కాగితం అంచున "విక్రేత కంట మామకారము" అని రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేశారు.

జాడీకి కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. లక్క ముద్రలు చెక్కు చెదరలేదు.